ధర గడి లేని రిజిస్టరు

ఒహాయోలో మా ఇంట్లో పూజ అరకి ఆనుకునే తుపాకుల బీరువా ఉంది. కావాలని అలా పెట్టలేదు, కింది అంతస్తులో కిటికీ లేని గోడ అదొక్కటే. దసరాకి ఆయుధపూజ నాడు మా ఆవిడ కారుకి, ల్యాప్‌టాప్‌కి, మిక్సీకి పెట్టినట్టే ఆ బీరువా తలుపుకీ ఒక కుంకుమ బొట్టు పెడుతుంది. తలుపు తియ్యమని మాత్రం ఏనాడూ అడగలేదు. లోపల తొమ్మిది పిస్టళ్ళు. చూడ్డానికి తొమ్మిదీ ఒకటే.

ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. ఒకటేమిటి? ఇది టొరంటోది, అది బెల్జియంది. దీనికి వెనక సైటు కదులుతుంది, దానికి కదలదు. దీని మీద నక్షత్రం ఉంది, దాని మీద లేదు. ఇలా అరగంట చెప్పగలను, చెప్పేవాణ్ణి కూడా. వినేవాళ్ళు పకోడీ ప్లేటు వైపు చూస్తున్నా ఆపేవాణ్ణి కాదు. కానీ ఒకేలా ఉండడం వల్ల నాకో లాభం ఉండేది. ఐదు కాస్తా ఆరైనా, ఆరు ఏడైనా ఇంట్లో తెలిసేది కాదు. 'అదేగా ఇది' అనేది మా ఆవిడ. 'అదే' అనేవాణ్ణి.

తొమ్మిదీ బ్రౌనింగ్ హైపవర్లు. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికావాడు మొదలుపెట్టిన డిజైను. ఆయన 1926లో బెల్జియంలోని లియేజ్‌లో చనిపోతే, అక్కడి ఎఫ్ఎన్ కంపెనీలో దియుదొనే సైవ్ దాన్ని పూర్తిచేశాడు. 9 ఎంఎం, పదమూడు తూటాల మ్యాగజైను. 1935లో బెల్జియం సైన్యం తీసుకుంది. 1940లో జర్మన్లు బెల్జియాన్ని ఆక్రమించి, అదే ఫ్యాక్టరీలో అదే పిస్టల్‌ని తమ కోసం చేయించుకున్నారు. సైవ్ తప్పించుకుని ఇంగ్లండ్ చేరాడు. ఆ డిజైను అటునుంచి కెనడా వెళ్ళింది, టొరంటోలో జాన్ ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసింది. అంటే ఒకే పిస్టల్ యుద్ధంలో రెండు పక్కలా పేలింది.

ఇంగ్లిస్ అసలు బాయిలర్లు, ఆవిరి ఇంజన్లు చేసుకునే కంపెనీ. యుద్ధమొచ్చి బ్రెన్ గన్లు చేసింది, ఆ తరవాత పిస్టళ్ళు. యుద్ధం అయిపోయాక వాషింగ్ మెషిన్లు. నేను అమెరికా వచ్చిన కొత్తలో, కెనడాలో మా కజిన్ అద్దెకున్న ఇంటి బేస్‌మెంట్‌లో బట్టలుతికే మెషిన్ మీద ఆ పేరు చూశాను. కొన్నాళ్ళ తరవాత పిస్టల్ స్లయిడ్ మీద అదే పేరు చదివినప్పుడు చిన్నప్పటి క్లాసుమేటు కనిపించినట్టయింది. ఈ పిచ్చి మొదలైంది అక్కడే అనుకుంటాను.

కొనడం మాత్రం వెంటనే కుదరలేదు. హెచ్1బి మీద ఉన్నవాడు దుకాణానికి వెళ్ళి తుపాకీ కొనుక్కోలేడు. వేట లైసెన్సు తీసుకుంటే కుదురుతుందని మిత్రుడొకాయన దారి చెప్పాడు గానీ, కుందేలుని కూడా కొట్టని శాకాహారిని, ఆ అబద్ధం ఆడలేకపోయాను. (అప్పట్లో అబద్ధాల మీద నాకు అంత పట్టింపు ఉండేది!) గ్రీన్ కార్డు క్యూలో మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. ఆ తొమ్మిదేళ్ళూ పుస్తకాలు చదివాను. చేతిలో పిస్టల్ లేదు, తలలో పిస్టళ్ళ గిడ్డంగి ఉంది. కార్డు వచ్చిన నెలలోనే క్యూరియోస్ అండ్ రెలిక్స్ లైసెన్సుకి అర్జీ పెట్టాను. యాభై ఏళ్ళు దాటిన పాత ఆయుధాలు పోగుచేసుకునేవాళ్ళకి ఇచ్చే లైసెన్సది, మూడేళ్ళకి 30 డాలర్లు. షరతు ఒకటుంది. కొన్న ప్రతిదీ రిజిస్టర్లో ఎక్కించాలి. తేదీ, ఎవరి దగ్గర కొన్నాం, చిరునామా, తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, క్యాలిబర్. మళ్ళీ అమ్మితే అదీ రాయాలి.

ఆ రిజిస్టరు నాకు ఇష్టం. నల్ల అట్ట, ఎర్ర వీపు. మా నాన్నగారి ఉద్యోగమంతా అలాంటి పుస్తకాల మధ్యే గడిచింది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం పక్క ఊరు మాది. ఆ చుట్టుపక్కల గడపకొక ఫౌజీ. నాన్నగారు ఆర్మీ ఆర్డినెన్స్ కోర్‌లో సిపాయిగా చేరి సుబేదారుగా రిటైరయ్యారు. ఆఖరి పోస్టింగు సికింద్రాబాద్‌లోనే. స్టోర్లు, లెడ్జర్లు, కోత్. ఆయుధాలు దాచే గదిని సైన్యంలో కోత్ అంటారు. ఆ మాట నేను తిరుమలగిరి క్వార్టర్స్‌లో అక్షరాలతో పాటు నేర్చుకున్నాను.

ఇక తేడాల సంగతి. కెనడాలో ఇంగ్లిస్ చేసిన మొదటి ఆర్డరు చైనాది, చియాంగ్ కై షేక్ ప్రభుత్వం కోసం. 1944 ఫిబ్రవరిలో మొదటివి బయటికొచ్చాయి, 1945లో తయారీ ఆగిపోయింది. అన్ని ఆర్డర్లూ కలిపి లక్షన్నరకి పైచిలుకు చేశారు. చైనావాటి సీరియల్ నంబరు మధ్యలో సిహెచ్ అని ఉంటుంది. బ్రిటిష్, కెనడా సైన్యాలవాటికి టి. అక్షరం ముందు ఒక అంకె, వెనక నాలుగు. వెనక నాలుగు 9999 దాటితే ముందంకె ఒకటి పెరుగుతుంది. చైనా వాటిలో చాలావాటి స్లయిడ్ ఎడమ పక్కన ఆరు చైనా అక్షరాలు ఉంటాయి, 'చీనా గణతంత్రపు జాతీయ ఆస్తి' అని అర్థం. వాళ్ళు కోరిన మోడల్‌కి వెనక సైటు జరుపుకునే రకం, దాని మీద 500 దాకా అంకెలు. పిస్టల్‌తో అంత దూరాన ఏం కొడతారో ఆ దేవుడికే తెలియాలి. పిడి వెనక సన్నటి గాడి ఉంటుంది, అందులో చెక్క బట్టు దూర్చుకుని భుజానికి ఆనించి కాల్చొచ్చు. ఆ బట్టు లోపల డొల్ల. మూత తీసి పిస్టల్‌ని అందులోనే పెట్టుకోవచ్చు. ఇది నంబర్ వన్. సైటు కదలకుండా ఉన్నది నంబర్ టూ. తరవాత ఎజెక్టర్, ఎక్స్‌ట్రాక్టర్ అనే భాగాలు మార్చి, గుర్తుగా మార్క్ వన్ పక్కన ఒక నక్షత్రం కొట్టారు.

ఆ నక్షత్రం బియ్యపు నూకంత ఉంటుంది. దాని ఐదు కొమ్ములూ తెగి ఉన్నాయా, ఎవరో తరవాత పాలిష్ పట్టించడం వల్ల మొద్దుబారాయా అని భూతద్దం పెట్టి నలభై నిమిషాలు చూసిన రాత్రులున్నాయి. పదింటికి మా అమ్మాయి 'గుడ్ నైట్ నాన్నా' అంటే తల ఎత్తకుండా 'ఊఁ' అన్న రాత్రులూ అవే.

ఒకసారి అదే అమ్మాయి పక్కన కూర్చుని చూసింది. అప్పుడు నా చేతిలో ఉన్నది జర్మన్ ఆక్రమణ కాలపు బెల్జియం పిస్టల్. వాటి మీద తనిఖీ ముద్ర గద్ద బొమ్మ, కింద అంకె. మొదట్లో 613, తరవాత 103, ఆ తరవాత 140. నూటమూడుది తక్కువ దొరుకుతుంది. నా దగ్గరున్నది నూటమూడే. అదే చెబుతున్నాను, ముద్ర ఎంత లోతుగా పడిందో చూడు అని. అది అద్దం తీసుకుని చూసి, 'పక్క ముద్రలో గద్ద కాళ్ళ కింద ఉన్నది స్వస్తికేనా? మన గుమ్మం మీద అమ్మ వేసేదేనా?' అంది. అది వేరు, ఇది వేరు అన్నాను. అవి ఎలా వేరో పన్నెండేళ్ళ పిల్లకి చెప్పాల్సిన సమయం. నేను మళ్ళీ నూటమూడు దగ్గరికే వెళ్ళాను.

నేను ఒప్పుకోవాల్సింది మాత్రం ఇది కాదు. ఇది చెప్పడం తేలిక, ఇందులో నేను పరధ్యానపు మేధావిలా కనిపిస్తాను. అసలుది రిజిస్టర్లో ఏడో వరస.

2014 అక్టోబరు. మా ఊరికి గంటంపావు దూరంలో ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తోంది, భర్త తాలూకు పాత పిస్టలొకటి ఉందట అని తెలిసినాయన కబురు చెప్పాడు. వెళ్ళాను. ఎనభై ఎనిమిదేళ్ళావిడ, నడిపించుకునే స్టాండు పట్టుకుని తనే తలుపు తీసింది. వంటింటి బల్ల మీద ఫ్లానెల్ గుడ్డలో చుట్టి పెట్టింది. విప్పాను. సిహెచ్ నంబరు. ఆరు చైనా అక్షరాలు, నిన్న కొట్టినట్టున్నాయి. మళ్ళీ రంగు పట్టించిన జాడ లేదు, దిగుమతిదారు ముద్ర లేదు. ఈమధ్య బయటి దేశాల నుంచి తెచ్చినవాటి మీద ఆ ముద్ర తప్పనిసరిగా ఉంటుంది, అది లేదంటే ఇది ఎప్పుడో వచ్చిందన్నమాట. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో, ఆవిడకి వినపడుతుందేమోనని దగ్గాను.

ఆవిడ చెబుతూనే ఉంది. భర్త యుద్ధంలో ఇండియాలో పనిచేశాడట, తేయాకు తోటల మధ్య విమానాల స్థావరంలో. పేరు గుర్తు తెచ్చుకుని 'చబువా' అంది. 1942లో జపాన్ బర్మా రోడ్డు మూసేశాక చైనాకి వెళ్ళే యుద్ధ సామగ్రిని అస్సాం నుంచి హిమాలయాల మీదుగా విమానాల్లో మోశారు. చబువా అలాంటి స్థావరాల్లో ఒకటి. ఆయన సరుకు ఎక్కించే పనిలో ఉండేవాడట. ఆ మాట వినగానే నేను అనుకున్నదేమిటో రాయడానికి ఇంత కాలం పట్టింది. 'ఈ కథ కాగితం మీద ఉంటే ధర ఇంకో వెయ్యి పెరుగుతుంది' అనుకున్నాను. అంతే. ఆయన ఏ ఊరివాడు, అస్సాంలో వానలు ఎలా ఉండేవి, ఉత్తరాలేమైనా ఉన్నాయా, ఒక్కటీ అడగలేదు. అడిగితే నాకు ఆసక్తి ఉందని తెలిసిపోతుంది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని స్లయిడ్ మీది అక్షరాలు చూపించింది. 'ఇది చైనా సరుకా?' అని అడిగింది.

'అక్షరాలు చైనావే' అన్నాను.

ధర్మరాజు 'కుంజరః' అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు. నాకు ఆపాటి శ్రమ కూడా లేకపోయింది. అన్నది అక్షరాలా నిజం. తొమ్మిదేళ్ళు చదివి సంపాదించిన జ్ఞానమంతా ఆ రెండు మాటల్లో వాడేశాను. చైనా సరుకు అంటే ఆ తరం అమెరికన్లకి బజారులో దొరికే చవకబారు సామాను. ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. మూడొందలయాభై అంటే ఎక్కువేమో అంది. పరవాలేదులెండి అన్నాను. పరవాలేదట!

ఇంకా అయిపోలేదు. గ్యారేజీలోంచి బయటికొస్తూ గోడకి మేకుకి వేలాడుతున్న చెక్క డొల్ల చూశాను. మూత లేచి ఉంది, లోపల స్క్రూలు, మేకులు, ఒక పాత తాళంచెవి. ఆ పిస్టల్ బట్టే. వాల్‌నట్ కర్ర, పిడి గాడిలోకి దూరే ఇనప కొస చెక్కుచెదరలేదు. ఎవరో పారేసే డబ్బా అడిగినట్టు అడిగాను, ఇదీ ఇచ్చేస్తారా అని. తీసుకుపో అంది. ఆగు అని, స్టాండు పక్కన పెట్టి, వణికే చేతులతో స్క్రూలన్నీ ఒక జామ్ సీసాలోకి ఒంపి, చీరగుడ్డతో తుడిచినట్టు తన యాప్రాన్ అంచుతో లోపలంతా తుడిచి ఇచ్చింది. 'నువ్వు ఇండియావాడివి. నీకు ఇవ్వడం ఆయనకి నచ్చేది' అంది.

కారులో రేడియో పెట్టుకుని పాడుకుంటూ వచ్చాను. నిజంగానే పాడాను. ఆ రాత్రి రిజిస్టర్లో ఏడో వరస నింపాను, కొట్టివేత లేకుండా, నాన్నగారి చేతిరాతకి దగ్గరగా వచ్చే రాతతో. ఆ ఏడాదంతా తెలిసినవాళ్ళందరికీ ఆ కథ చెప్పాను. 'ఎంతకి కొట్టావు?' అని అడిగేవాళ్ళు, మా బృందంలో అందరూ అలాగే అంటారు. కొట్టడమనే మాట సరైనదే. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర చవగ్గా కొనడం ఈ సరదాలో నేరం కాదు, ఘనత. జాతిరాళ్ళ వ్యాపారిలోనూ, పొలాల బ్రోకరులోనూ నాకు అసహ్యమనిపించిన గుణం, నాలో ఉంటే పరిశోధన అనిపించింది. పుస్తకాలు చదివి తెలుసుకున్నాను కదా, ఆ కష్టానికి ఇది కూలి అనుకున్నాను.

2016 వేసవిలో నాన్నగారు ఆరు నెలలకి వచ్చారు. బీరువా తీసి చూపించాలని నాకు ఉబలాటం. ఒక చిక్కు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ అవేవీ ఆయనకి వర్తించవు. 'మీరు ముట్టుకోకూడదు నాన్నగారూ' అన్నాను. ముప్ఫై ఏళ్ళు ఆయుధాలు లెక్కపెట్టిన మనిషి. నవ్వి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన కల్నల్లాగా. నేను ఒక్కొక్కటీ తీసి బల్ల మీది దుప్పటి మీద పెట్టాను.

'ఇది మన నైన్ ఎంఎం కదరా' అన్నారు మొదటిది చూడగానే.

నిజమే. మన సైన్యంలో వాడిన 9 ఎంఎం 1ఎ, పశ్చిమ బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసేది, ఈ ఇంగ్లిస్ నమూనా సంతతే. నేను సముద్రాలు దాటొచ్చి వెతికి పట్టుకున్న అపురూపాన్ని ఆయన కోత్‌లో వరసగా, పెసరట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారు. తేడాలు చెప్పబోతే ఆసక్తిగానే విన్నారు. తరవాత అన్నారు, 'మాకు తేడా అక్కర్లేదురా. నంబరు. సాయంత్రం ఒక్క నంబరు కలవకపోతే ఆ రాత్రి యూనిట్‌లో ఎవడూ పడుకోడు.'

ఏడోదాన్ని చెక్క బట్టుతో సహా పెట్టాను, కొంచెం ఆలస్యంగా, సినిమాలో హీరోని దించినట్టు. బాగుంది అన్నారు. రిజిస్టరు చూపించమన్నారు. ఈ ఇంట్లో ఆయనకి ముట్టుకునే హక్కున్నది అదొక్కటే. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చదివారు. కొట్టివేతలు లేవని మెచ్చుకున్నారు. నాకు నలభై నాలుగేళ్ళు, అయినా వీపు నిటారైంది.

'రేటు గడి ఏదిరా?'

'ఉండదు నాన్నగారూ. చట్టం అడగదు.'

'అదేంట్రా, రేటు లేని రిజిస్టరు. ఇది ఎంతకి తీసుకున్నావు?' వేలు ఏడో వరస మీద ఉంది.

చెప్పాను. అసలు ఎంత పలుకుతుందో కూడా చెప్పాను, బట్టుతో కలిపి ఎంత తక్కువ చూసినా రెండున్నర వేలు. గర్వంగానే చెప్పాను.

ఆయన వేలు కొంచెం పక్కకి జరిగి, అమ్మినవాళ్ళ పేరున్న గడి దగ్గర ఆగింది. 'ఈవిడకి తెలుసా?' అన్నారు.

లేదన్నాను. ఆయన ఊఁ కొట్టి, పుస్తకం మూసి, కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని, మొక్కలకి నీళ్ళు పెట్టే వేళైందని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఉన్న నాలుగు నెలల్లో ఆ ఊసే ఎత్తలేదు. తిట్టి ఉంటే ఎదురు వాదించేవాణ్ణి. వాదనలన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ధర చెప్పింది ఆవిడే అని, అడిగిన దానికి నిజమే చెప్పానని. అడిగేవాళ్ళే లేకపోయారు.

ఆయన్ని విమానం ఎక్కించి వచ్చిన వారానికి ఆవిడకి ఉత్తరం రాశాను. రిజిస్టర్లో ఉన్న చిరునామా పాతది. తిరిగి వస్తుందని లోలోపల ఆశపడ్డాను కూడా, ప్రయత్నించానన్న పేరు దక్కుతుంది కదా. తపాలావాళ్ళు కొత్త చిరునామాకి చేర్చేశారు. ఆ పిస్టల్ విలువ మీరనుకున్న దానికన్నా చాలా ఎక్కువ, అప్పుడు నాకు తెలిసి కూడా చెప్పలేదు, ఇందులో చెక్కు పెడుతున్నాను అని రాశాను. చెక్కు రాసేటప్పుడు లెక్క వేశాను. రెండున్నర వేలు అని నాన్నగారికి చెప్పింది అతి తక్కువ ధర. అందులోంచి ఇచ్చిన మూడొందలయాభై తీసేస్తే 2,150. రానూపోనూ పెట్రోలు, నేను చేయించిన శుభ్రం ఖర్చు, ఆవిడ ఇంకెవరికైనా అమ్మి ఉంటే వాళ్ళూ ఇంతే ఇచ్చేవాళ్ళన్న ఆలోచన... పెన్ను చేతిలో ఉండగానే తగ్గిస్తూ తగ్గిస్తూ వచ్చి, గుండ్రంగా ఉంటుందని వెయ్యి రాశాను. పాపం కడుక్కునేటప్పుడు కూడా బేరమాడాను. పిస్టల్ తిరిగి ఇచ్చేస్తానని మాత్రం రాయలేదు. ఆ వాక్యం ఒకసారి రాసి, కాగితం మార్చాను.

పది రోజులకి నర్సింగ్ హోమ్ నుంచి చిన్న కార్డు వచ్చింది. అక్షరాలు గీతల మీద నిలవలేదు. థాంక్స్ చెప్పింది. చెక్క డబ్బా పనికొస్తోందా అని అడిగింది.

ఇప్పుడు రిజిస్టర్లో కుడి పక్క మార్జిన్‌లో పెన్సిల్‌తో ప్రతి వరసకీ ధర రాసుకున్నాను, ఇచ్చింది ఒకటి, ఇవ్వాల్సింది ఒకటి. తొమ్మిదింటిలో నాలుగు వరసల్లో రెండంకెలూ కలవవు. ఏడో వరస చెక్కు బ్యాంకులో మారింది. ఆవిడకి నేను ఇంకా 1,150 డాలర్లు బాకీ.